ముందు నిలబడి పాడించేవారి బాధ్యత ఎంతవరకు?

కొత్తగొంతు రాశారు:

అందరికీ నమస్కారం. మా ప్రార్థన కూటంలో చాలాకాలం పాటలు నడిపించిన పెద్దాయన వయసు మీద పడి తప్పుకున్నారు. ఆ పని నాకు అప్పగించారు. సంగీతం నేర్చుకున్నాను కాబట్టి శ్రుతి, తాళం విషయంలో భయం లేదు. నా దిగులు వేరే. ఆయన పాట ఎత్తుకుంటే హాలంతా అందుకునేది. నేను ఎత్తుకుంటే అందరూ వింటున్నారు. అయిపోయాక దగ్గరికొచ్చి "ఎంత బాగా పాడావమ్మా" అంటున్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటోంది. ఆయన గొంతు అంత గొప్పదేమీ కాదు, ఈమధ్య కాస్త వణికేది కూడా. అయినా జనం ఆయనతో పాడేవారు.

ఈ పనిలో ఉన్నవాళ్ళు దేనికి బాధ్యులు? పాట బాగా రావడానికా, అందరూ పాడటానికా? భజన, చర్చి, గురుద్వారా, ఏ సంప్రదాయం వాళ్ళయినా సరే, చెప్పండి.

మంద్రస్థాయి రాశారు:

అమ్మా, ముందు ఒక్క సంగతి చెప్పండి. మీరు ఏ శ్రుతిలో పాడిస్తున్నారు?

కొత్తగొంతు రాశారు:

అయిదు శ్రుతి అండీ, అంటే కీబోర్డు మీద జి (G). నేర్చుకున్నప్పటి నుంచీ అదే.

మంద్రస్థాయి రాశారు:

సగం జవాబు అందులోనే ఉందమ్మా. అయిదు శ్రుతి మీ గొంతుకు హాయిగా ఉంటుంది. మీ ఎదురుగా కూర్చున్న మగవాళ్ళు ఏం చేయాలి? మీతో సమానంగా పాడదామంటే పై షడ్జం (పై స) దగ్గరే గొంతు పట్టేస్తుంది. ఒక స్థాయి దిగి పాడదామంటే మంద్రంలో మాట కూడా వినపడదు. రెండు మూడు పంక్తులు ప్రయత్నించి ఊరుకుంటారు. వాళ్ళు మానేశారని తెలియగానే పక్కన ఆడవాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. పక్కవాళ్ళ గొంతు వినపడకపోతే ఒంటరిగా పాడే ధైర్యం చాలామందికి ఉండదు.

కచేరీలో శ్రుతి పాడేవారి గొంతును బట్టి పెట్టుకుంటాం. ఆరాధనలో అది పాటను బట్టి, జనాన్ని బట్టి మారాలి. నేను పాటించే లెక్క ఇది. ఆ పాటలో అన్నిటికంటే పై స్వరం ఏది, కింది స్వరం ఏది అని ముందు చూసుకుంటాను. పై స్వరం కీబోర్డు మీద డి (D) దాటకూడదు. ఎక్కడైనా ఒక్కసారి ఇ (E) తగిలి వచ్చేస్తే ఫర్వాలేదు, అక్కడే నిలబడి పాడాల్సి వస్తే మాత్రం శ్రుతి దించాల్సిందే. కింది స్వరం ఎ (A) కంటే దిగకూడదు. ఈ మధ్యలో ఉంటే ఆడవాళ్ళు, వాళ్ళకు ఒక స్థాయి కింద మగవాళ్ళు, పెద్దగా ఇబ్బంది లేకుండా పాడగలరు. తెల్లవారుజామున అయితే ఇంకో అర మెట్టు దించండి. నిద్ర లేచిన గొంతులు అప్పుడే పైకి ఎక్కవు.

ఇలా చేస్తే కొన్ని పాటల్లో మీ గొంతు మీకే బాగా అనిపించదు. కింద స్వరాల్లో నిండుదనం తగ్గుతుంది. ఆ నష్టం మీరు భరించాలి. ఈ పదవి తీసుకున్నవాళ్ళు మొదట వదులుకునేది అదే.

వెనకవరుస రాశారు:

నేను పాడించేవాణ్ణి కాదు, వెనక కూర్చునేవాణ్ణి. మాలాంటివాళ్ళ వైపు నుంచి కూడా ఒకరు చెప్పాలి.

మేం ఎందుకు ఆగిపోతామంటే, ఎప్పుడు అందుకోవాలో తెలియక. ఒక వారం పల్లవి రెండుసార్లు తిప్పుతారు, ఇంకో వారం నాలుగుసార్లు. ఒకసారి చరణం అయ్యాక వాయిద్యం ఉంటుంది, ఒకసారి ఉండదు. మేం నోరు తెరిచేసరికి మీరు ఆగుతారు, మేం ఆగితే మీరు మొదలుపెడతారు. రెండుసార్లు అలా జరిగి నలుగురిలో మా గొంతు ఒక్కటే బయటపడితే ఇక ఆ పూటకు పాడం. సిగ్గు చాలా పెద్ద విషయం అండీ, ముందు నిలబడేవాళ్ళకు అది గుర్తుండదు.

తెర మీద సాహిత్యం వేసేవాళ్ళకు కూడా ఒక మాట. పంక్తి పూర్తయ్యాక తర్వాతది వేస్తే మాకు ఉపయోగం లేదు. చివరి పదం ఇంకా నోట్లో ఉండగానే తర్వాతి పంక్తి కనిపించాలి. అది చదివి, ఊపిరి తీసుకుని పాడాలి కదా.

మీ పెద్దాయన ఎప్పుడూ ఒకేలా పాడి ఉంటారు. అందుకే ఆయన వెంట పాడటం తేలికై ఉంటుంది.

కొత్తగొంతు రాశారు:

నిజమే అండీ. ఏ పాటైనా ఆయన ఒకే తీరుగా నడిపేవారు. అప్పట్లో మాకు అది కాస్త విసుగ్గా కూడా అనిపించేది.

భజనమేళం రాశారు:

భజనలో ఈ గొడవ చాలావరకు ముందే తీర్చేశారు మన పెద్దలు. ముందు పాడేవారు ఒక పంక్తి ఎత్తుకుంటారు, వెనకవాళ్ళు అదే పంక్తి అదే వరుసలో అందుకుంటారు. సాహిత్యం రానివాళ్ళు, చదవడం రానివాళ్ళు, మొదటిసారి వచ్చినవాళ్ళు కూడా పాడగలరు. అక్కడ నాయకుడు పాటను మోయడమే కాదు, పాఠం కూడా అప్పటికప్పుడే అందిస్తున్నాడు.

త్యాగరాజస్వామిని చూడండి. ఘనరాగ పంచరత్నాలు రాసిన మనిషే దివ్యనామ కీర్తనలూ రాశారు. పంచరత్నాలు బాగా సాధన చేసినవాళ్ళకు. దివ్యనామాలు అలా కావు. పల్లవి చిన్నది, చరణాలన్నీ దాదాపు ఒకే వరుసలో నడుస్తాయి. ఒక చరణం పట్టుబడితే మిగతావన్నీ వచ్చేసినట్టే. అంత విద్వత్తు ఉన్న మనిషి పదిమంది కలిసి పాడుకోవడానికి తేలిక వరుసలు కట్టారంటే, ఆ తేలికదనం కోసం ఎంత ఆలోచించి ఉంటారో. నాకు ఆ కీర్తనలంటే అందుకే అంత గౌరవం.

ఒక్క జాగ్రత్త. వెనకవాళ్ళు పూర్తిగా ముగించేదాకా ఆగండి. వాళ్ళ చివరి అక్షరం మీద మీ తర్వాతి పంక్తి ఎక్కించడం చాలామందికి అలవాటు. జోరు బాగుంటుంది కానీ ముసలివాళ్ళు, పిల్లలు ఊపిరి అందక వెనకబడతారు. కాలం (పాట వేగం) పెంచేటప్పుడు కూడా అంతే, తబలా వాయించేవారి ఉత్సాహాన్ని కాదు, ముందు వరుసలో ఉన్న పెద్దవాళ్ళ పెదవులను చూసి పెంచండి.

పాతపుటలు రాశారు:

ఎత్తుకోవడం, అందుకోవడం చాలా మతాల్లో ఉంది. బైబిల్లో 136వ కీర్తన తీసుకోండి. 26 వచనాలు, ప్రతి వచనం రెండో సగం ఒకటే: "ఆయన కృప నిరంతరముండును". మొదటి సగం ఒకరు, రెండో సగం అందరూ పాడటానికి ఇంతకన్నా అనువైనది ఉండదు. సిక్కుల గురు గ్రంథ్ సాహిబ్‌లో చాలా శబ్దాలలో (అంటే అందులోని కీర్తనల్లో) "రహావు" అని గుర్తు పెట్టిన పంక్తి ఉంటుంది. కీర్తన చేసే రాగీలు దాన్నే పల్లవిలా తిప్పి తిప్పి పాడతారు, సంగత్, అంటే అక్కడ కూడిన జనం, దాన్ని పట్టుకుంటుంది.

1645లో బ్రిటన్‌లో అమలులోకి వచ్చిన వెస్ట్‌మినిస్టర్ ఆరాధన నిర్దేశికలో ఒక ఏర్పాటు ఉంది. చదవడం రానివాళ్ళు ఎక్కువగా ఉన్నచోట పాదిరి గానీ, తగిన మరొకరు గానీ కీర్తనను ఒక్కో పంక్తి ముందుగా చదివి వినిపించాలి, తర్వాత అందరూ పాడాలి. అవసరం కోసం పెట్టిన ఈ పద్ధతి స్కాట్లాండ్‌లో గేలిక్ మాట్లాడే సంఘాల్లో, ముఖ్యంగా లూయిస్ దీవిలో, గొప్ప సంగీతంగా ఎదిగింది. అక్కడ పాడించేవారు ఒంటరిగా పంక్తి అందిస్తారు, సంఘంలో ఒక్కొక్కరు తమ సొంత గమకాలతో అదే వరుసను లాగుతారు. వాయిద్యం ఉండదు. వందమంది పాడుతుంటే అలలు అలలుగా వస్తుంది. నాయకుడు వరుసను పట్టి ఉంచుతాడు, అలంకారం అంతా జనం చేతుల్లో ఉంటుంది. మనం సాధారణంగా చేసేదానికి ఇది పూర్తిగా తలకిందులు. నాకు చాలా నచ్చే విషయం ఇది.

కీర్తనప్రియ రాశారు:

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, నేను రెండో వైపు చెప్తాను. అందరూ పాడాలి అన్నదాన్నే కొలతగా పెట్టుకుంటే మనకు మిగిలేది నాలుగు స్వరాల పాటలే. దేవుడికి మన దగ్గరున్న మేలైనది ఇవ్వాలి కదా. ఏళ్ళ తరబడి సాధన చేసిన గొంతును దాచుకుని సన్నిధిలో నిలబడాలా? ఆ సాధన కూడా ఒక అర్పణే.

ఇంకోటి, వినడం కూడా ఆరాధనే. నేను చాలాసార్లు నోరు మెదపకుండా కళ్ళు మూసుకుని విన్నాను, ఆ క్షణాల్లో నా ప్రార్థన ఆగిపోలేదు. పాడనివాళ్ళందరినీ పాల్గొననివాళ్ళ కింద లెక్కేయకండి.

పాతపుటలు రాశారు:

కీర్తనప్రియ గారూ, మీరన్నది కొట్టిపారేసేది కాదు. కేథలిక్ చర్చి రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన పత్రం జనం పాటలోనూ జవాబుల్లోనూ చురుకుగా పాల్గొనాలని గట్టిగా చెప్పింది. అదే చోట తగిన సమయంలో అందరూ భక్తితో మౌనంగా ఉండాలని కూడా చెప్పింది. పాల్గొనడంలో మౌనానికీ చోటిచ్చారు.

సాధన చేసిన గొంతు గురించి యూదుల ధర్మశాస్త్ర గ్రంథం షుల్హాన్ అరూఖ్‌లో ఒక నియమం ఉంది. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చినది. సినగాగులో ప్రార్థన నడిపించేవారు పాటను సాగదీస్తున్నారనుకోండి. దేవుణ్ణి ఇంత మధురంగా స్తుతించగలుగుతున్నానన్న ఆనందంతో అయితే, వినయం, భయభక్తులు తప్పకపోతే, వారికి దీవెన కలగాలి అంటాడు. తన గొంతు జనం వినాలని, ఆ గొంతును చూసుకుని తానే మురిసిపోతూ అయితే అది నిందించదగినది అంటాడు. అక్కడితో ఆగలేదు. ఉద్దేశం ఏదైనా సరే, మరీ సాగదీయడం మంచిది కాదు, సమాజానికి భారం అవుతుంది అని ముగిస్తాడు.

బయటికి ఒకేలా వినిపించే పాటను లోపలి ఉద్దేశాన్ని బట్టి రెండుగా విడదీశాడు. ఆ పైన, ఉద్దేశం స్వచ్ఛమైనదైనా ఎదుటివాళ్ళ ఓపిక కూడా చూడమన్నాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఇంతకంటే సూటిగా చెప్పినది నేను ఎక్కడా చదవలేదు.

మంద్రస్థాయి రాశారు:

కీర్తనప్రియ గారి మాట నేను ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. వినే పాట వేరు, పాడే పాట వేరు అని జనానికి ముందే తెలియాలి. వినే పాటకు ఆరాధనలో ఒక చోటు పెట్టండి, కానుకల వేళో, ధ్యానానికి ముందో. అక్కడ మీ సంగతులు, గమకాలు అన్నీ పాడండి, సిగ్గుపడకండి. కానీ అందరూ కలిసి పాడాల్సిన పాటను మధ్యలో మీ పాటగా మార్చుకోకండి. మొదటి చరణం కలిసి పాడుతున్నవాళ్ళు రెండో చరణంలో మీ రాగాలాపన మొదలవగానే చేతులు కట్టుకుని కూర్చుంటారు. మూడో చరణానికి వాళ్ళను మళ్ళీ లేపడం చాలా కష్టం.

మిక్సర్‌బల్ల రాశారు:

సౌండ్ చూసుకునేవాళ్ళ తరఫున కొన్ని.

శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. 34 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్ళకు మీ గొంతు సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. వాళ్ళు విన్నదాన్ని బట్టి పాడతారు, ఆ పాట తిరిగి మీ చెవికి చేరడానికి ఇంకో పదో వంతు. వేదిక మీద మీకు జనం వెనకబడుతున్నట్టు అనిపిస్తుంది. వాళ్ళ కోసం మీరు కాస్త ఆగుతారు, మీరు ఆగారని వాళ్ళు ఇంకాస్త ఆగుతారు. పాట పోనుపోను బరువెక్కుతుంది. కాబట్టి పెద్ద హాల్లో చెవికి వచ్చే జనం గొంతును తాళంగా తీసుకోవద్దు. పక్కన ఉన్న తబలానో, డ్రమ్మునో, కీబోర్డునో పట్టుకోండి. ప్రతిధ్వని ఎక్కువున్న రాతి కట్టడమైతే మొదటి నుంచే కాలం కాస్త తగ్గించి పెట్టుకోండి, లేకపోతే అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

రెండోది మైకు. జనం గొంతు జనానికి వినపడాలి. మీ మైకు, స్పీకర్లు హాలంతా నింపేస్తే ఎవరికీ తమ పక్కవాళ్ళు వినపడరు. పల్లవి అందుకున్నారని తెలియగానే మైకుకు ఒక అడుగు దూరం జరగండి. ఒక చరణం వాయిద్యాలన్నీ ఆపి గొంతులతోనే పాడించి చూడండి. మొదటిసారి కొంచెం బెరుకుగా ఉంటుంది. తమ గొంతులు తాము విన్నాక జనం ఇంకా గట్టిగా పాడతారు.

వెనకవరుస రాశారు:

ఈ చివరి మాటకు నా ఓటు. వాయిద్యాలు ఆగినప్పుడే నేను పాడుతున్నానని నాకు తెలుస్తుంది.

కొత్తగొంతు రాశారు:

అందరికీ ధన్యవాదాలు. రాసుకుంటున్నాను. ఇంకో సంగతి అడగాలి. త్వరలో మా కూటంలో ఒకరి సంస్మరణ ఉంది. కుటుంబమంతా ముందు వరుసలోనే కూర్చుంటారు. వాళ్ళను చూస్తూ పాడగలనా అని టెన్షన్‌గా ఉంది. నాకూ బాగా దగ్గరివాళ్ళు.

భజనమేళం రాశారు:

మీ పక్కన ఇంకొకరిని నిలబెట్టుకోండి. మీ గొంతు పూడుకుపోతే ఆ పంక్తి వాళ్ళు ఎత్తుకుంటారని ముందే మాట్లాడుకోండి. ఆ ఒక్క ఏర్పాటుతోనే సగం ధైర్యం వస్తుంది.

మంద్రస్థాయి రాశారు:

అమ్మా, ఇది మన పనిలో అన్నిటికంటే బరువైన సందర్భం. దుఃఖంలో ఉన్నవాళ్ళు పాడలేరు, పాడాలని ఎదురుచూడకండి. వాళ్ళు పాడలేని పాటను మిగిలినవాళ్ళంతా వాళ్ళ తరఫున పాడుతున్నారు, ఆ రోజు పాటకు అర్థం అదే. అందుకే అందరికీ బాగా వచ్చిన పాటలే ఎంచుకోండి. కాగితం చూడకుండా నోటికి వచ్చేవి. కొత్త పాట ఎంత అర్థవంతమైనదైనా ఆ రోజు వద్దు.

శ్రుతి మామూలు కంటే ఇంకా దించండి. ఏడుపు దిగమింగిన గొంతు పైకి వెళ్ళదు. చూపు ముందు వరుస మీద పెట్టకండి, హాలు మధ్యలో ఎవరైనా నిబ్బరంగా పాడుతున్న మనిషి మీద పెట్టండి. కాలం మాత్రం మరీ నెమ్మది చేయకండి. నెమ్మది చేసేకొద్దీ పంక్తికి పంక్తికి మధ్య ఖాళీలు పెరుగుతాయి, ఆ ఖాళీల్లోనే అందరూ కూలిపోతారు. కన్నీళ్ళు వస్తే రానివ్వండి, పాట జనం చేతిలో ఉంటే మీరు ఒక చరణం ఆగినా అది ఆగదు.

కీర్తనప్రియ రాశారు:

నా తల్లి పోయినప్పుడు నేను ఒక్క మాట పాడలేకపోయాను. వెనక నుంచి అందరూ పాడారు. అందులో శ్రుతి తప్పినవాళ్ళు కూడా ఉన్నారు, ఆ గొంతులు నాకు ఇప్పటికీ గుర్తే. మంద్రస్థాయి గారు చెప్పింది అక్షరాలా నిజం.

పాతపుటలు రాశారు:

పాటల ఎంపిక గురించి ఒక్క మాట, ఎవరూ ప్రస్తావించలేదు. పూజారి గానీ, పాస్టర్ గానీ, గురుద్వారాలో గ్రంథి గానీ, ఆ రోజు సందేశం ఎవరిదో వారితో ముందే కూర్చోండి. ఆ రోజు చదివే భాగం ఏమిటి, మనసు ఎటు తీసుకెళ్ళాలనుకుంటున్నారు అని అడగండి. చివరి నిమిషంలో చీటీ మీద నంబర్లు రాసిస్తే ఎంత మంచి గాయకులైనా ఏం చేస్తారు? షుల్హాన్ అరూఖ్‌లోనే నాయకుడికి ఉండాల్సిన లక్షణాల్లో మంచి నడవడి, వినయం, జనానికి ఇష్టుడు కావడం, ఇంపైన గొంతుతో పాటు లేఖనం చదివే అలవాటు కూడా చెప్పారు. మాట తెలిసినవాళ్ళే ఆ మాటను సరైన చోట విరిచి పాడగలరు. అర్థం తెలియనివాళ్ళు ఊపిరి కోసం పదం మధ్యలో ఆపుతారు, వెనకున్నవాళ్ళంతా అలాగే నేర్చుకుంటారు.

కొత్తగొంతు రాశారు:

నాలుగు పాటల శ్రుతి దించి రాసుకున్నాను. పల్లవి ఎప్పుడూ రెండుసార్లే అని వాయించేవాళ్ళతో చెప్పుకున్నాం. తెర వేసే అబ్బాయికి వెనకవరుస గారి మాటలు అలాగే పంపాను. సంస్మరణకు పక్కన నిలబడటానికి మా పెద్దాయనే వస్తానన్నారు.

ఒక పాట దగ్గర మాత్రం తెగడం లేదు. అందరికీ ప్రాణమైన పాట. అనుపల్లవి చాలా పైకి వెళ్తుంది, పల్లవి చాలా కిందికి వస్తుంది. ఏ శ్రుతిలో పెట్టినా ఒక చివర తెగిపోతోంది. వదిలేయాలా?

మంద్రస్థాయి రాశారు:

వదలకండి. పల్లవి జనానికి హాయిగా ఉండేలా శ్రుతి పెట్టండి. అనుపల్లవి మీరొక్కరే పాడండి, అది మీ గొంతుకు తగ్గ చోటే. చివరి పంక్తి దగ్గర ఊపిరి తీసుకోవడం అందరికీ కనిపించేలా తల కొంచెం పైకెత్తి, చెయ్యి చూపించి, పల్లవి వాళ్ళకు ఇచ్చేయండి. మొదటి రెండు వారాలు "ఈ భాగం నేను పాడతాను, పల్లవి మీరు అందుకోండి" అని పాటకు ముందు ఒక్క వాక్యం చెప్పండి. తర్వాత చెప్పక్కర్లేదు.

భజనమేళం రాశారు:

అనుపల్లవి నుంచి పల్లవికి వచ్చేటప్పుడు తబలా తీర్మానం (ముగింపు దెబ్బల వరుస) ఒకే రకంగా ఉండేలా చూసుకోండి. జనం దాన్ని విని అందుకుంటారు.